రెండో ప్రతి, రెండో చోటు: కార్యాలయ రికార్డుల నకళ్ల నుంచి నెట్‌వర్క్ బ్యాకప్ వరకు

9.0 ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత, ఒక కార్యాలయంలోని సమాచారానికి మరో ఊళ్లోని కార్యాలయంలో ప్రతి ఉంచే పద్ధతి ఎలా ఏర్పడిందో, ఏయే దుర్ఘటనలు దాన్ని మార్చాయో మీరు వివరించగలుగుతారు. ప్రతి ఉండటం వేరు, అవసరమైన రోజున అది అక్కరకు రావటం వేరు అనే విషయాన్ని ఉదాహరణలతో చర్చించగలుగుతారు. దీనికి కంప్యూటర్ శాస్త్రం ముందుగా చదివి ఉండనక్కరలేదు.

9.1 పరిచయం

ఒక ఆడిటరుకు అనంతపురంలో ఒక ఆఫీసు, ఏలూరులో ఒక ఆఫీసు ఉన్నాయనుకోండి. రెండు చోట్లా నలుగురైదుగురు సిబ్బంది. ప్రతి ఆఫీసులో బీరువా పక్కన చెప్పుల డబ్బా అంత పెట్టె ఒకటి ఉంటుంది. దానిలో రెండో నాలుగో హార్డ్ డిస్కులు. సిబ్బంది తమ ఫైళ్లన్నీ నెట్‌వర్క్ ద్వారా ఆ పెట్టెలోనే దాచుకుంటారు. దీన్ని నెట్‌వర్క్ స్టోరేజి అనీ, వాడుకలో నాస్ అనీ అంటున్నారు. రాత్రి అందరూ ఇళ్లకు వెళ్లాక అనంతపురం పెట్టె ఆ రోజు మారిన ఫైళ్లను ఏలూరు పెట్టెకు పంపుతుంది. ఏలూరు పెట్టె తనవి అనంతపురానికి పంపుతుంది. రెండు ఆఫీసులూ ఒకదానికొకటి కాపలా కాస్తాయన్నమాట.

ఇది చరిత్ర పాఠంలోకి ఎందుకు వచ్చిందని మీకు సందేహం కలగవచ్చు. పెట్టెలు కొత్తవి, ప్రశ్న పాతది. ఈ చోటు కాలిపోతే, మునిగిపోతే, దోపిడీకి గురైతే ఏం మిగులుతుంది? రాతపూర్వకంగా పని చేసిన ప్రతి పాలనా వ్యవస్థా ఏదో ఒక రోజు ఈ ప్రశ్నను ఎదుర్కొంది. వాటి జవాబులను వరసగా చూస్తే ఒక విషయం తేలుతుంది. ప్రతికి విలువ వచ్చేది అది అసలు నుంచి విడిగా ఉండటం వల్ల. ఆ విడితనం రెండు రకాలు. ఒకటి చోటులో దూరం, రెండోది కాలంలో దూరం. మొదటిదాన్ని పాలకులు తొందరగానే గ్రహించారు. రెండోదాన్ని ఇప్పటికీ మరిచిపోతూనే ఉన్నారు.

9.2 కాగితపు కాలం: ఓడలు, నకలుగాళ్లు

ముందుగా ఒక జాగ్రత్త. పాత విషయాలకు నేటి పేర్లు తగిలించటం చరిత్ర విద్యార్థికి సులువుగా అబ్బే దురలవాటు. అశోకుని 14 ప్రధాన శిలాశాసనాలు ఎర్రగుడి, గిర్నార్, కాల్సీ వంటి ఒకదానికొకటి ఎంతో దూరమైన చోట్ల కనిపిస్తాయి. ఆయన వాటిని బ్యాకప్ కోసం చెక్కించలేదు, ప్రజలకు చెప్పటానికి చెక్కించాడు. అయినా ఫలితం ఏమిటో చూడండి. మహారాష్ట్రలోని సోపారాలో 8, 9 శాసనాల ముక్కలు మాత్రమే దొరికాయి. ఆ ముక్కల్లో లేని భాగం ఏమై ఉంటుందో మనం చెప్పగలుగుతున్నామంటే, మన కర్నూలు జిల్లా ఎర్రగుడి వంటి చోట్ల అదే పాఠం మిగిలి ఉండటమే కారణం. ఉద్దేశం లేకుండా కూడా దూరం మేలు చేస్తుంది.

ఉద్దేశపూర్వకంగా చేసినవారిలో ఈస్టిండియా కంపెనీని ముందు చెప్పుకోవాలి. మద్రాసు నుంచి లండనుకు వెళ్లే ముఖ్యమైన ఉత్తరాలను రెండు, ఒక్కోసారి మూడు ప్రతులు రాయించి వేరువేరు ఓడల్లో పంపేవారు. ఒక ఓడ మునిగినా, శత్రువుల చేతికి చిక్కినా మరొకటి చేరుతుంది. ఇంతేకాక, ప్రెసిడెన్సీ కౌన్సిళ్లలో జరిగిన చర్చలు, తీసుకున్న నిర్ణయాలు సంపుటాలుగా నకలు తీయించి క్రమం తప్పకుండా లండనుకు చేరవేసేవారు. కంపెనీ కొలువులో అట్టడుగు హోదా పేరే 'రైటర్'. వారి దినచర్యలో పెద్ద భాగం నకళ్లు తీయటమే. ఆ సంపుటాలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఇక్కడ చెదపట్టిన, చిరిగిన, కనిపించకుండా పోయిన రికార్డులకు బదులు అక్కడి ప్రతులను చదివి ఆంధ్రదేశ చరిత్ర రాసుకోవలసిన సందర్భాలు ఉన్నాయి.

ఇంత శ్రమ ఎందుకు పడ్డారు? రికార్డుల మీద ప్రేమతో కాదు. వేల మైళ్ల దూరంలో ఉన్న ఉద్యోగులు ఏం చేస్తున్నారో లండనులోని డైరెక్టర్లకు తెలియాలి. రెండో ప్రతి ఎవరి చేతిలో ఉంటే అధికారంలో వారికీ వాటా ఉంటుంది. దీన్ని మన గ్రామాలతో పోల్చి చూడండి. కరణాల కాలంలో ఊరి భూమి లెక్కలు చాలాచోట్ల కరణంగారి ఇంట్లోనే ఉండేవి. రైతుకు తన భూమి గురించి ఏది తెలియాలన్నా ఆ గడప తొక్కాల్సిందే. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా కరణం, మునసబు పదవులను రద్దు చేసినప్పుడు ఆ లెక్కలను ఇళ్ల నుంచి కచేరీలకు తెప్పించటమే ఒక పెద్ద పని అయింది. రెండో ప్రతి ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది సాంకేతిక విషయంగా మాత్రమే చూస్తే చరిత్ర సగమే అర్థమవుతుంది.

రిజిస్ట్రేషన్ వ్యవస్థ ఇందుకు భిన్నం. 1908 నాటి భారత రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దస్తావేజును కార్యాలయపు పుస్తకంలోకి నకలు రాసుకుని అసలును యజమానికి తిరిగి ఇస్తారు. అంటే అసలు ఇంట్లో, నకలు ఆఫీసులో. ఇంట్లో దస్తావేజు కాలిపోయినా, చెదలు తిన్నా యజమాని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి సర్టిఫైడ్ కాపీ తెచ్చుకుంటాడు. మీలో చాలామంది ఇళ్లలో ఇలాంటి కాపీ ఒకటి ఉండే ఉంటుంది. ఆస్తి ఒకటికి మించిన సబ్‌డిస్ట్రిక్టుల్లో ఉంటే ఆ వివరాన్ని రెండో కార్యాలయానికి కూడా పంపాలని అదే చట్టం చెబుతుంది. అది వెతకటానికి వీలు కోసం పెట్టిన నియమమే. అయినా ఒక చిన్న కార్యాలయం మరో చిన్న కార్యాలయానికి సమాచారం పంపి దాచుకోవటం మనకు అలవాటైన పద్ధతేనని దీనివల్ల తెలుస్తోంది.

9.3 రెండు అగ్నిప్రమాదాలు

1922 జూన్ 30న, అంతర్యుద్ధ సమయంలో, డబ్లిన్ నగరంలోని ఫోర్ కోర్ట్స్ ప్రాంగణంలో పేలుడు జరిగి ఐర్లండ్ పబ్లిక్ రికార్డు ఆఫీసు కాలిపోయింది. ఏడు శతాబ్దాల రికార్డులు. 1821 నుంచి 1851 వరకు జరిగిన జనాభా లెక్కల పత్రాల్లో చాలా భాగం ఆ మంటల్లోనే పోయింది. దేశంలోని రికార్డులన్నిటినీ ఒకే భవనంలో చేర్చటం అప్పటికి గొప్ప ఆధునికత. ఆ ఆధునికతే నష్టాన్ని సంపూర్ణం చేసింది. సరిగ్గా నూరేళ్ల తరవాత, 2022లో, ఐరిష్ పరిశోధకులు ఒక డిజిటల్ భాండాగారాన్ని ప్రారంభించారు. పోయినవాటికి వేరే దేశాల్లో, వేరే గ్రంథాలయాల్లో ఉన్న నకళ్లను, ఎత్తిరాసుకున్న భాగాలను వెతికి కూర్చటం దాని పని. ఎవరో ఎప్పుడో తమ సొంత అవసరానికి రాసుకున్న నకళ్లు దేశ స్మృతిగా మారాయి.

1973 జూలై 12న అమెరికాలోని సెయింట్ లూయిస్ దగ్గర సైనికోద్యోగుల రికార్డుల కేంద్రంలో ఆరో అంతస్తు అంటుకుంది. 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల వరకు వ్యక్తిగత ఫైళ్లు నాశనమయ్యాయి. 1912-1960 మధ్య సైన్యం నుంచి విడుదలైనవారి ఫైళ్లలో సుమారు 80 శాతం పోయాయి. వాటికి నకళ్లు లేవు, మైక్రోఫిల్ము లేదు, ఏ ఫైళ్లు పోయాయో చెప్పే సూచిక కూడా లేదు. చివరి మాట దగ్గర కాసేపు ఆగండి. ఏం పోయిందో తెలియకపోవటం, పోవటం కంటే పెద్ద నష్టం. యుద్ధంలో పనిచేసిన మనిషి పింఛనుకో వైద్యానికో వచ్చి అడిగితే, అతడు సైనికుడేనని తేల్చటానికి జీతాల పత్రాలు, ఆసుపత్రి రికార్డుల వంటివి వెతికి ఫైలును తిరిగి అల్లాల్సి వచ్చింది. ఆ పని దశాబ్దాలపాటు సాగింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: డబ్లిన్, సెయింట్ లూయిస్ ఘటనల్లో నష్టం తరవాత రికార్డులను తిరిగి కూర్చిన విధానాల్లో పోలిక ఏమిటి?

9.4 టేపులు: తాత, తండ్రి, కొడుకు

1950 దశకంలో కంప్యూటర్లు కార్యాలయాల్లోకి వచ్చాయి. ఐబీఎం 1956లో తెచ్చిన రామాక్ యంత్రంలో 50 పళ్లేలున్న డిస్కు 50 లక్షల అక్షరాలు దాచేది. నేడు ఫోన్లో తీసే ఒక ఫోటో అంత. అయితే ప్రతులు ఉంచుకోవటానికి చవకైన సాధనం అయస్కాంత టేపు. టేపును చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, బండెక్కించి మరోచోటికి పంపవచ్చు. అణుయుద్ధ భయం ఆ వ్యాపారాన్ని పెంచింది. న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టగొడుగులు పెంచటానికి పాత ఇనుప గని కొన్న హెర్మన్ నాస్ట్ అనే వ్యాపారి, 1951లో ఆ గనినే రికార్డులు దాచే చోటుగా మార్చాడు. నేటి ఐరన్ మౌంటెన్ సంస్థకు పుట్టిల్లు అదే.

టేపుల కాలం ఇచ్చిన అసలు పాఠం చోటుకు సంబంధించింది కాదు, కాలానికి సంబంధించింది. రోజూ తీసే టేపు 'కొడుకు', వారానికొకసారి తీసేది 'తండ్రి', నెలకొకసారి తీసేది 'తాత' అని ఒక వరస ఏర్పడింది. కొడుకు టేపుల మీద మళ్లీ మళ్లీ రాస్తారు. తాతను చాలాకాలం కదపరు. గుమాస్తా 1వ తేదీన ఖాతాలో ఒక అంకె తప్పుగా వేశాడు, అది 12వ తేదీన బయటపడింది అనుకోండి. నిన్నటి టేపులో ఉన్నదీ ఆ తప్పు అంకే. అది ఎంత దూరాన ఉన్నా నమ్మకంగా తప్పునే కాపాడి ఉంచింది. సరైన అంకె తాత దగ్గర మాత్రమే దొరుకుతుంది. ఈ చిన్న ఏర్పాటును నేను ఆ కాలపు తెలివైన ఆవిష్కరణల్లో ఒకటిగా లెక్కిస్తాను. తరవాత వచ్చిన వేగవంతమైన యంత్రాలు దీన్నే పక్కన పెట్టి నష్టపోయాయి.

9.5 తీగ మీద ప్రతి

1980 దశకంలో కార్యాలయ కంప్యూటర్లను తీగలతో కలిపి ఫైళ్లను ఒకేచోట ఉంచే పద్ధతి స్థిరపడింది. నావెల్ సంస్థ నెట్‌వేర్, సన్ సంస్థ 1984లో తెచ్చిన ఎన్ఎఫ్ఎస్ దీనికి దారి వేశాయి. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ కొన్ని చవక డిస్కులను కలిపి వాడే 'రెయిడ్' పద్ధతిని ప్రతిపాదించారు. దీనిలో ఒక డిస్కు చెడిపోయినా పని ఆగదు. చిన్న కార్యాలయాల్లో పుట్టిన ఒక అపోహకు మూలం ఇక్కడే ఉంది. రెండు డిస్కులు ఉన్నాయి కనుక రెండు ప్రతులు ఉన్నట్టే అనుకున్నారు. రెండు డిస్కులూ ఒకే పెట్టెలో ఉన్నాయి. దొంగ పెట్టెను ఎత్తుకుపోతే రెండూ పోతాయి. ఒక ఫైలును చెరిపేస్తే రెండింటిలోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. రెయిడ్ పని ఆగకుండా చూసే ఏర్పాటే తప్ప బ్యాకప్ కాదు.

ఇక రెండో ఊరికి పంపటం ఎలా? అడ్డంకి తీగ వేగం. 1990 దశకంలో ఒక మంచి ఐఎస్‌డీఎన్ లైను సెకనుకు 128 కిలోబిట్లు మోసేది. ఆ వేగంతో 1 గిగాబైటు సమాచారం పంపాలంటే, ఏ ఆటంకం లేకపోయినా, సుమారు 17 గంటలు పడుతుంది. లెక్క మీరే వేసి చూసుకోండి. సాయంత్రం మొదలుపెడితే మర్నాడు ఉదయం ఆఫీసు తెరిచే వేళకు కూడా పూర్తి కాదు.

ఈ చిక్కును విప్పినవారు ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరస్. 1996లో వారు విడుదల చేసిన 'ఆర్‌సింక్' ప్రోగ్రాం ఆలోచన ఇది. రెండో ఊళ్లో ఫైలు పాత ప్రతి ఇప్పటికే ఉంది. దాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు ఒక చిన్న గుర్తు అంకెను లెక్కగట్టి, ఆ అంకెలను మాత్రమే మొదటి ఊరికి పంపుతారు. మొదటి ఊరి యంత్రం తన దగ్గరున్న కొత్త ఫైలులో ఆ గుర్తులకు సరిపోయే ముక్కలను వెతికి, సరిపోని భాగాలను మాత్రం పంపుతుంది. ఆ రోజు మారింది 10 మెగాబైట్లే అయితే అదే లైను మీద పది నిమిషాల పైచిలుకులో పని అయిపోతుంది. మొదటిసారి మాత్రం మొత్తం పంపాలి. అందుకే ఇప్పటికీ రెండు పెట్టెలనూ ముందు ఒకే గదిలో పక్కపక్కన పెట్టి నింపి, తరవాత ఒకదాన్ని బస్సులోనో కారులోనో రెండో ఊరికి తీసుకువెళతారు. చిన్న కార్యాలయాలకు దూరపు ప్రతి అందుబాటులోకి వచ్చింది ఈ ఉపాయం వల్లే.

మన దగ్గర ఇదే కాలంలో, 1998 నవంబరు 4న, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 214 సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో 'కార్డ్' పథకం మొదలైంది. చేత్తో నకలు రాసే పుస్తకాల స్థానంలో స్కాన్ చేసిన చిత్రాలు వచ్చాయి. నకలుగాడి శ్రమ తప్పింది. కానీ గమనించండి, పుస్తకానికి చెదలు పట్టటానికి ఏళ్లు పడుతుంది, డిస్కు ఒక్క క్షణంలో పోతుంది. కంప్యూటరు రావటంతో రెండో ప్రతి అవసరం తగ్గలేదు, పెరిగింది.

9.6 ఎంత దూరం దూరం?

జపానులో ప్రతి కుటుంబానికీ 'కోసెకి' అనే నమోదు పత్రం ఉంటుంది. పుట్టుక, పెళ్లి, చావు, వారసత్వం అన్నిటికీ అదే ఆధారం. అసలు పట్టణ కార్యాలయంలో, నకలు న్యాయశాఖ స్థానిక కార్యాలయంలో ఉండేవి. 2011 మార్చి 11 నాటి సునామీలో మినామిసాన్రికు, ఒనగవ, రికుజెన్‌తకత, ఒత్సుచి అనే నాలుగు పట్టణాల అసళ్లు కొట్టుకుపోయాయి. న్యాయశాఖ దగ్గరి నకళ్లతో వాటిని తిరిగి నిర్మించారు. వేలమంది చనిపోయిన ఊళ్లలో ఎవరికి ఎవరు వారసులో చెప్పే కాగితం అది. ఏర్పాటు గెలిచింది, నిజమే. అయితే దానిలోని రెండు లోపాలు కూడా బయటపడ్డాయి. నకళ్లను పంపేది ఏడాదికొకసారి. ఆఖరిసారి పంపిన తరవాత జరిగిన నమోదులను విడిగా సేకరించి చేర్చాల్సి వచ్చింది. పైగా నకలు ఉన్న కార్యాలయం కూడా అదే తీరప్రాంతంలో ఉంటే రెండూ ఒకే అలకు పోవచ్చు. 2013 నుంచి ఈ నకళ్లను నెట్‌వర్క్ ద్వారా దూరంలోని కేంద్రాలకు ఎప్పటికప్పుడు పంపే పద్ధతి తెచ్చారు.

దీన్ని మన నేలకు అన్వయించి చూడండి. అవనిగడ్డ ఆఫీసుకు మచిలీపట్నం ఆఫీసు రెండో చోటు అవుతుందా? 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపాను పటాన్ని పక్కన పెట్టుకుని ఆలోచిస్తే జవాబు దొరుకుతుంది. మైళ్ల లెక్క ఒక్కటే చాలదు. రెండు చోట్లకూ ఒకే నది, ఒకే తీరం ఉన్నాయా అని అడగాలి. అనంతపురం, ఏలూరు జంట ఆ విధంగా మంచిదే.

2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రం కాలిపోయింది. అసలు సమాచారాన్నీ బ్యాకప్‌నూ ఆ ప్రాంగణంలోనే ఉంచుకున్న ఖాతాదారులు రెండూ పోగొట్టుకున్నారు. డబ్లిన్ తరవాత తొంభై తొమ్మిదేళ్లకు అదే పొరపాటు.

9.7 దగ్గరైన దూరం

ఇప్పుడు కాలానికి సంబంధించిన దూరం గురించి. తీగ వేగం పెరిగాక చాలా కార్యాలయాలు రాత్రిదాకా ఆగటం మాని, ఇక్కడ మారిన క్షణంలోనే అక్కడా మారేట్టు చేసుకున్నాయి. దీన్ని ప్రతిబింబం అనవచ్చు. అద్దంలో బొమ్మకు సొంత జ్ఞాపకం ఉండదు. ఇక్కడ ఫైలు చెరిగితే అక్కడా చెరుగుతుంది. ఇక్కడి ఫైళ్లకు దుండగులు తాళం వేస్తే, తాళం వేసిన ఫైళ్లే అక్కడికి చేరతాయి. తాత టేపు చేసిన పనిని ఈ అద్దం చేయలేదు.

2021 ఏప్రిల్‌లో 'క్యూలాకర్' అనే దాడి జరిగింది. చిన్న కార్యాలయాలు, ఇళ్లలో ఎక్కువగా వాడే క్యూనాప్ నాస్ పెట్టెల్లోకి ఇంటర్నెట్ ద్వారా చొరబడి ఫైళ్లను సంకేతపదంతో మూసేసి, తెరవటానికి 0.01 బిట్‌కాయిన్ అడిగారు. చొరబాటుకు దారి ఇచ్చింది ఆ పెట్టెలోని బ్యాకప్ ప్రోగ్రాంలో ఉన్న లోపం. రెండో ఊరికి ప్రతి పంపటానికి తెరిచిన తలుపులోంచే దొంగ వచ్చాడు. అందుకే ఇప్పుడు నాస్ పెట్టెలను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకుండా, రెండు ఆఫీసుల మధ్య వీపీఎన్ అనే రహస్య మార్గం వేసి దాని ద్వారానే పంపమంటున్నారు. పెట్టెలో పాత తేదీల స్థితిని మార్చటానికి వీల్లేకుండా నిలిపి ఉంచే 'స్నాప్‌షాట్' పద్ధతిని కూడా వాడుతున్నారు. తాత టేపు కొత్త పేరుతో తిరిగి వచ్చిందన్నమాట. నెలకొకసారి ఒక డిస్కులోకి నకలు తీసి, తీగ ఊడదీసి బీరువాలో పెట్టే ఆఫీసులు కూడా ఉన్నాయి. నన్నడిగితే చిన్న ఆఫీసుకు అంతకన్నా నమ్మకమైన తాత లేడు.

మరో ఘటన చెప్పాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఉద్యోగి అలసటలో పొరపాటున అసలు డేటాబేసును చెరిపేశాడు. సంస్థకు ఒకటి కాదు, అనేక రకాల బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నాయి. తీరా చూస్తే వాటిలో ఒకటి చాలాకాలంగా ఖాళీగా ఉంది, మిగిలినవీ అనుకున్నట్టు పనిచేయలేదు. ఆరు గంటల ముందు ఎవరో వేరే పనికి తీసుకున్న ఒక నకలు వారిని ఆదుకుంది. ఆ సంస్థ దీన్ని దాచకుండా పూర్తిగా బయటపెట్టింది. కనుకనే ఇది మనకు ఆధారంగా మిగిలింది. తమ ప్రతులు పనికిరావని తెలుసుకున్న కార్యాలయాలు సాధారణంగా ఆ మాట ఎక్కడా రాయవు.

9.8 నమూనా ప్రశ్నలు

1. కంపెనీ పాలనలో నకళ్ల వ్యవస్థకు, గ్రామ కరణాల రికార్డులకు మధ్య తేడాను అధికారం దృష్టితో చర్చించండి.

2. 'తాత, తండ్రి, కొడుకు' పద్ధతికి, క్షణక్షణం ప్రతిబింబించే పద్ధతికి గల తేడాను ఒక ఉదాహరణతో వివరించండి.

3. మీకు దగ్గరలోని ఒక సహకార సంఘం, పాఠశాల లేదా చిన్న వ్యాపార కార్యాలయానికి వెళ్లి అనుమతి తీసుకుని మూడు సంగతులు అడిగి రాయండి: వారి లెక్కల రెండో ప్రతి ఏ ఊళ్లో ఉంది? అది ఏ తేదీ నాటిది? దాన్ని చివరిసారి తెరిచి చూసింది ఎప్పుడు, ఎవరు?